బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయండి

కారు యజమానులకు, డ్రైవరన్నలకు, మెకానిక్ సోదరులకు, స్పేర్ పార్ట్స్ షాపుల వారికి మనవి.

విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊళ్లోనో ఏదైనా పార్ట్స్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. "అన్నా, డిజైర్‌కి ఆయిల్ ఫిల్టర్ ఇవ్వు" అంటాడు షెడ్డు కుర్రాడు. "పెట్రోలా, డీజిలా?" అని లోపలి నుంచి ఒకే ఒక్క ప్రశ్న. జవాబు రాగానే ఫిల్టర్ చేతికొస్తుంది. బండి ఏ ఏడాదిదో, ఇంజిన్ ఏదో అడిగేవారు తక్కువ. ఈ పద్ధతి మారాలి. ఫిల్టర్ ఇచ్చేముందు ఇంజిన్ నంబరు అడగాలి. ఆ నంబరునూ ఫిల్టర్ పార్టు నంబరునూ బిల్లు మీద రాసివ్వాలి.

మారుతి డిజైర్‌నే తీసుకోండి. 2008లో వచ్చినప్పుడు 1.3 పెట్రోలు, 1.3 డీజిల్ ఇంజిన్లు ఉండేవి. 2010లో పెట్రోలు ఇంజిన్ 1.2 కె12ఎం అయింది. 2020లో డీజిల్ ఆగిపోయి, పెట్రోల్లో కె12ఎన్ వచ్చింది. 2024లో మూడు సిలిండర్ల జెడ్12ఇ వచ్చింది. ఈ చివరి మూడూ 1197 సీసీవే! పేరు, ఇంధనం, సీసీ అన్నీ చెప్పినా ఇంజిన్ ఏదో తేలదు. వీటికి ఒకే ఫిల్టర్ సరిపోతుందో లేదో కంపెనీ పార్టు నంబరు చూసి చెప్పాలి తప్ప అలవాటు కొద్దీ చెప్పకూడదు. ఇక డీజిల్ సంగతి దీనికి తలకిందులు: ఇంజిన్ ఒకటే, పేర్లు వేరు. డిజైర్‌లో ఉన్న ఆ 1248 సీసీ ఇంజిన్నే టాటా విస్టాలో క్వాడ్రాజెట్ అన్నారు, ఫియట్ పుంటోలో మల్టీజెట్ అన్నారు.

ఈ డీజిల్ ఇంజిన్‌కి వాడే కాగితపు ఎలిమెంటుకీ, డిజైర్ పెట్రోలుకి వాడే రేకు డబ్బా ఫిల్టర్‌కీ తేడా కంటికే తెలుస్తుంది. ప్రమాదమంతా చూడటానికి ఒకేలా ఉండే రేకు డబ్బాలతోనే. రకరకాల కార్లకు సర్వీసింగ్ చేసే షెడ్లలో ఇది మరీ ఎక్కువ. కొన్ని ఇంజిన్లకు ఫిల్టర్ ఎక్కే మర 20 మిల్లీమీటర్లు, 1.5 పిచ్. మరికొన్నిటికి ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఈ ముప్పావు అంగుళం మర మీద ఎక్కుతుంది. రబ్బరు రింగు ఆనగానే బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ దాని పట్టంతా మర అంచుల మీదే. హైవే మీద ఆ పట్టు వదిలిందా, ఆయిలంతా రోడ్డు పాలు. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్ర లైటు వెలిగాక కూడా ఇంజిన్ ఆపకపోతే బేరింగులు పట్టేస్తాయి.

లోపలి తేడాలు అసలే కనిపించవు. ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే వాల్వు కొన్ని ఫిల్టర్లలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. అది కావలసిన చోట లేకపోతే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు ఇంజిన్ పొడిగా తిరుగుతుంది. కాగితం మూసుకుపోయినప్పుడు తెరుచుకునే బైపాస్ వాల్వు తక్కువ ప్రెషర్‌కే తెరుచుకునేదైతే, వడకట్టని ఆయిలే ఇంజిన్‌లోకి పోతుంది. అందుకే "పడుతుంది సార్" అన్న మాట చాలదు.

మెకానిక్ సోదరులారా, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి మర, రింగు వ్యాసం యజమానికి చూపించండి. పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే లీకు తప్పదు.

రద్దీలో ఇవన్నీ ఎక్కడ అడుగుతామని షాపుల వారు అనవచ్చు. ఇంజిన్ నంబరు ఆర్సీ మీదే ఉంటుంది, ఫోన్లో డిజిలాకర్‌లోనూ దొరుకుతుంది. మారుతి బళ్లకు ఆ నంబరు మొదట్లోనే కె12ఎం, డి13ఎ లాంటి కోడు కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ బండికి ఇంజిన్ మార్చి ఉంటే మాత్రం ఆర్సీని నమ్మకుండా ఇంజిన్ మీద చెక్కిన నంబరే చూడాలి. కార్ల కంపెనీలు కూడా ఒక పని చేయాలి. టైర్లలో గాలి ఎంతుండాలో తలుపు పక్కన స్టిక్కరు అంటిస్తున్నారు కదా, ఇంజిన్ కోడు, ఫిల్టర్ పార్టు నంబరు రాసిన స్టిక్కరు బానెట్ కింద కూడా అంటించాలి.

నంబర్లు రాసిన బిల్లు నిజాయితీగా అమ్మిన షాపుకీ రక్షణే. తప్పు ఫిల్టర్ వల్ల ఇంజిన్ పోతే యజమాని చేతిలో ఉండే సాక్ష్యం కూడా అదే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా బిల్లు దగ్గర ఉండాలి.

కాబట్టి ఈసారి ఆయిల్ మార్పించడానికి వెళ్లేటప్పుడు ఆర్సీ వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ నంబరు, పార్టు నంబరు రాయించుకోకుండా షాపు నుంచి కదలకండి.