గేర్లు విప్పిన సైకిలు

ధర తగ్గించే నిర్ణయానికి ఢిల్లీలో లభించే ప్రచారం, కొన్న వస్తువును బాగు చేసుకునే హక్కుకు లభించదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద, వాటి విడిభాగాల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సంతోషించదగిన విషయమే. అయితే కొన్న సైకిలు ఎన్నాళ్ళు నడుస్తుంది, ఆగిపోతే బాగు చేసే దారి ఏది అన్న ప్రశ్న మిగిలే వున్నది.

ఈ ప్రశ్నకు రాజధానిలో పేవ్‌మెంటు మెకానిక్కులు తమదైన సమాధానం చెబుతున్నారు. కలవారి పిల్లలు రెండేళ్ళు తొక్కి వదిలేసిన గేర్ల సైకిళ్ళు కాపలాదారులకు, తోటమాలులకు చేరుతూ వుంటాయి. కొన్నాళ్ళకు, చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరొక దాని మీదికి మళ్ళించే డిరైలరు వంగిపోతుంది. కేబులు తుప్పు పడుతుంది. సరిపడే భాగం దొరకదు. దొరికినా పాత సైకిలుకు అంత ఖర్చు గిట్టుబాటు కాదు. అప్పుడు మెకానిక్కు గేర్లన్నీ విప్పి, దానిని ఒకే వేగం సైకిలుగా మార్చి ఇస్తాడు.

ఆ పనితనాన్ని తక్కువగా అంచనా వేయరాదు. వెనుక హబ్బు మరల మీద వున్న ఐదారు చక్రాల ఫ్రీవీలును ఊడదీసి, ఒకే చక్రం గల ఫ్రీవీలును బిగించాలి. చైను వంకర లేకుండా నడవాలి, లేకుంటే జారిపోతుంది. కొన్ని లింకులు తీసి దానిని పొట్టి చేయాలి. ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా వుంటే చక్రాన్ని వెనక్కు జరిపి బిగువు సరిచేయవచ్చు. నిలువుగా వుంటే ఆ వీలు లేదు; చైనును బిగబట్టే చిన్న కప్పీ ఒకటి అమర్చవలసి వస్తుంది. ముందు 44, వెనుక 18 పళ్ళు వున్నాయనుకుంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చదును బాటకు ఇది చాలును.

గేర్లు అవసరమా అన్న వివాదం కొత్తది కాదు. టూర్ ద ఫ్రాన్స్ పందెం నిర్వాహకుడు ఆంరీ దెగ్రాంజ్ వాటిని ఏళ్ళ తరబడి సహించలేదు. 1937లో గాని ఆ పందెంలో డిరైలరుకు అనుమతి రాలేదు. నా వాదం దెగ్రాంజ్ వాదం కాదు. కృష్ణా డెల్టాలో తొక్కేవారికి గేరు అక్కరలేకపోవచ్చు. విశాఖ వాలుల్లో, ఢిల్లీ ఫ్లైఓవర్ల మీద బరువుతో ఎక్కేవాని మోకాళ్ళకు అది ఉపకారమే. ఆ ఉపకారాన్ని అతడు ఇష్టపడి వదులుకోవడం లేదు. విడిభాగం దొరకక వదులుకుంటున్నాడు. ఈ తేడాను విధానకర్తలు గుర్తించాలి.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ బాగు చేసుకునే హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు పరిశీలించవలసిన రంగాలని అప్పుడు ప్రకటించారు. సైకిలు ఆ జాబితాకు ఎక్కలేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు వున్నది. కారు, జీపు, వ్యాను వంటివి వున్న కుటుంబాలు 4.7 శాతమే. మరి జాబితా ఎవరి అవసరాన్ని చూసి తయారైనట్టు?

2016 జూలైలో ప్రమాణ స్వీకారానికి సైకిలు మీద వెళ్ళిన మంత్రుల ఫోటోలను మా పత్రికలవారమంతా ఉత్సాహంగా ప్రచురించాము. అంతటి ఉత్సాహం సభలో ఒక ప్రశ్నకైనా దారి తీస్తే మేలు. గేర్ల సైకిలు అమ్మిన సంస్థ దాని విడిభాగాలను ఎన్నేళ్ళు సరఫరా చేస్తుందో అమ్మకపు కాగితం మీదనే రాసి ఇవ్వాలి. భాగాల కొలతలు వీలైనంత ఒకే ప్రమాణానికి రావాలి. ఇందుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు. పార్లమెంటు సభ్యులలో ఎవరైనా ఈ విషయాన్ని లేవనెత్తితే, ఆ రోజు పత్రికల గ్యాలరీలో శ్రద్ధగా రాసుకునేవారిలో నేనూ వుంటాను.