మంచి హోటల్ అంటే ఏది? (అన్నం రాతలు – 6)

గ్రీన్స్‌బరోలో దిగిన మొదటి వారం. అమెరికా దక్షిణాన, నార్త్ కరోలినాలో మధ్యరకం ఊరు. మంచి తిండి యాడ దొరుకుతదని తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల అడిగిన. "ప్యూర్ వెజ్ ఉంది, మనోళ్లదే" అన్నరు. ఇంకొకాయన "ఇంతకీ మీ ఇంటిపేరేంది?" అన్నడు. ఆకలి చెప్పుకుంటే ఇంటిపేరు అడుగుడు సముద్రం దాటినా పోలే. నేను జవాబియ్యలే.

డౌన్‌టౌన్‌కు నడిచిన. అక్కడి పాత వూల్‌వర్త్ దుకాణం ఇప్పుడు మ్యూజియం. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు అందుల సామాను కొన్నరు. పైసలు తీసుకున్నరు. కూసొని కాఫీ అడిగితే మాత్రం పొయ్యలే. వాళ్లు లేవలే. తెల్లారి ఇంకొందరొచ్చిన్రు. జూలై 25న కౌంటర్ అందరికీ తెరిచిన్రు. ఆ రోజు ముందుగాల కూసొని తిన్నదెవరో తెలుసా? ఆ దుకాణంల పనిచేసే నల్లజాతి ఉద్యోగులే.

పనికి కావాల్సిన చేయి పళ్లెం కాడ ఎందుకు పనికిరాలే? రెండు గ్లాసుల చాయ్ హోటల్ చూసినోళ్లకు ఇది కొత్త కాదు. మన రాజ్యాంగం 15(2)ల హోటళ్ల పేరు పెట్టి మరీ రాసిన్రు, కులం పేరు మీద ఎవర్నీ ఆపొద్దని. చట్టం తెరిచిన తలుపును "మనోళ్లదే" అనే మాట మళ్లీ దగ్గరికేస్తున్నది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కొత్త ఊర్ల రేటింగులు తర్వాత చూడుండ్రి. ముందు బస్సు డ్రైవర్ను, ఊడ్చే అమ్మను అడుగుండ్రి, వాళ్లు యాడ తింటరో. నేనట్లనే అడిగిన. వేయించిన చేప, కొల్లార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. పెట్టినామె ఇంటిపేరు అడగలే. ఇంకింత పెట్టాల్నా అని అడిగింది.

జై భీమ్.