సంచి ఎవరిదైనా కేసు మోసినవాడిదే



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, చదువు విలువ గురించో క్రమశిక్షణ గురించో రాస్తానని అనుకుని ఉంటారు. అవి రాయడానికి నాకంటే పెద్దలు ఉన్నారు. నేను గంజాయి గురించి రాస్తున్నాను. తాగవద్దని చెప్పడానికి కాదు, ఆ మాట వార్డెన్ సారు రోజూ చెబుతూనే ఉంటారు. గంజాయి వాసన కూడా తెలియని పిల్లవాడు గంజాయి కేసులో జైలుకు ఎలా వెళ్తాడో చెప్పడానికి రాస్తున్నాను.

మనలాగే హాస్టల్లో చదువుకున్న ఒక కుర్రవాడి సంగతి ఇది. ఊరు, పేరు చెప్పను. డిగ్రీ రెండో సంవత్సరం, వయసు 19. సంక్రాంతి సెలవులు అయ్యాక విశాఖ వైపు నుంచి హైదరాబాద్ వస్తున్నాడు. స్టేషన్లో ముఖపరిచయం ఉన్న ఒక 'అన్న' కలిశాడు. "తమ్ముడూ, ఈ రెండు బ్యాగులు సికింద్రాబాద్‌లో దించు. మావాడు వచ్చి తీసుకుంటాడు. టికెట్ నాది, పైన మూడు వేలు ఇస్తా" అన్నాడు. కుర్రవాడు పరీక్ష ఫీజు కట్టాల్సి ఉంది. బ్యాగుల్లో ఏముందో అడగలేదు. అడిగితే మూడు వేలు పోతాయేమోనని భయం. దారిలో పోలీసులు ఎక్కి తనిఖీ చేశారు. రెండు బ్యాగుల్లో కలిపి 22 కిలోల గంజాయి దొరికింది.

నేను కోర్టులో వకీలుగా పనిచేస్తున్నానని తెలిసి వాళ్లమ్మ నా దగ్గరకు వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి. ప్లాస్టిక్ కవర్లో కొడుకు పదో తరగతి మార్కుల మెమో, హాస్టల్లో ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్ తెచ్చింది. "ఇవి జడ్జిగారికి చూపిస్తే వదిలేస్తారు కదా బాబూ?" అని అడిగింది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆ కాగితాలు ఎందుకు పనికిరావో తమ్ముళ్లు ముందుగానే తెలుసుకోవాలి.

మన దేశంలో గంజాయిని అనుమతి లేకుండా పండించినా, కొన్నా, అమ్మినా, దగ్గర ఉంచుకున్నా, ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకువెళ్లినా నేరమే. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ఆ మాట చెబుతోంది. శిక్ష తూకాన్ని బట్టి ఉంటుంది. ఒక కిలో వరకు దొరికితే ఏడాది వరకు కఠిన జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఒక కిలో దాటి 20 కిలోల లోపు అయితే 10 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు మించితే దాన్ని వాణిజ్య పరిమాణం అంటారు. అప్పుడు శిక్ష కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు. జరిమానా లక్షకు తగ్గదు. పదేళ్ల కంటే తగ్గించి వేద్దామన్నా జడ్జిగారి చేతిలో ఉండదు. మన కుర్రవాడి దగ్గర దొరికింది 22 కిలోలని గుర్తుంచుకోండి. గీత దాటించిన ఆ రెండు కిలోలు తన సంచిలో ఉన్నాయని కూడా వాడికి తెలియదు.

వాణిజ్య పరిమాణం కేసులో బెయిల్ కూడా మామూలు కేసుల్లా రాదు. 37వ సెక్షన్ ప్రకారం ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయనీ, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడనీ కోర్టుకు నమ్మకం కలగాలి. మామూలు పెద్ద కేసుల్లో 90 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఇక్కడ పోలీసులకు 180 రోజుల గడువు ఉంది, కోర్టు అనుమతిస్తే ఏడాది వరకు పొడిగించవచ్చు. మన కుర్రవాడికి 14 నెలల తర్వాత హైకోర్టులో బెయిల్ వచ్చింది. అప్పటికి తోటివాళ్లు డిగ్రీ చివరి సంవత్సరం ముగింపుకు వచ్చేశారు.

"నాకు తెలియదు సార్, ఎవరో ఇచ్చారు" అంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. సరుకు నీ స్వాధీనంలో దొరికిందని పోలీసులు రుజువు చేస్తే చాలు, అది నీకు తెలిసే ఉందని చట్టం భావిస్తుంది. తెలియదని నిరూపించుకోవాల్సింది నువ్వే. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ చేయమని అడిగే హక్కు 50వ సెక్షన్ ఇచ్చింది. అయితే చేతిలోని సంచికి ఆ హక్కు వర్తించదని సుప్రీంకోర్టు 2005లో తేల్చింది. బైకు అరువు ఇచ్చేవాళ్లు కూడా జాగ్రత్త! తెలిసి ఇస్తే 25వ సెక్షన్ కింద నువ్వూ ముద్దాయివే. తెలియకపోయినా బండి జప్తు అయి కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులకూ ఒక మాట. 2019లో ఒక ముంబై దంపతులు బంధువు ఇచ్చిన పొట్లం తీసుకుని ఖతార్ వెళ్లారు. అందులో నాలుగు కిలోల పైచిలుకు హషీష్ దొరికింది. ఇద్దరికీ పదేళ్ల శిక్ష పడింది. వాళ్లకు తెలియకుండా పెట్టారని ఇక్కడి విచారణలో బయటపడి, 2021లో నిర్దోషులుగా తిరిగి వచ్చారు. ఆలోగా బిడ్డ కూడా జైల్లోనే పుట్టింది. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్ల చేతికి ఊరివాళ్లు పచ్చడి సీసాలు, మందుల పొట్లాలు ఇవ్వడం మామూలే కదా! విప్పి చూడకుండా ఏదీ పెట్టెలో పెట్టుకోవద్దు. కెనడాలో 2018 నుంచి గంజాయి చట్టబద్ధమే, కానీ దాన్ని దేశం సరిహద్దు దాటించడం అక్కడ కూడా నేరమే. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అక్కడి మన విద్యార్థుల వీసాకే ముప్పు.

ఇక నా అభిప్రాయం చెబుతాను. చట్టం కఠినంగా ఉందని నేను బాధపడటం లేదు. మత్తు ఎన్ని ఇళ్లు కూల్చిందో నేను చూశాను. కేసు మోసేవాడి దగ్గరే ఆగిపోవడం గురించే నా బాధ. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అంత సరుకు వెనుక ఎంత పెట్టుబడి ఉండాలి? ఆ పెట్టుబడి ఎవరిది? కూలి పిల్లలది కాదు కదా! కుట్రదారుడికి కూడా అదే శిక్ష వేయవచ్చని 29వ సెక్షన్ చెబుతోంది. అయితే పట్టుబడినవాడు 'ఫలానా అన్న ఇచ్చాడు' అని పోలీసులకు చెప్పినంత మాత్రాన అన్నకు శిక్ష పడదు. ఫోన్ నంబర్లు, డబ్బు వచ్చిన దారి పట్టుకుని పైకి వెళ్లాలి. ఆ శ్రమ ప్రతి కేసులోనూ జరగాలని మనం గట్టిగా అడగాలి. గంజాయి అనగానే హాస్టల్ పిల్లల వంక అనుమానంగా చూసే చూపు కూడా మారాలి. పేదరికం నేరం కాదు, పేదరికాన్ని వాడుకునేవాడు నేరస్తుడు. 18 ఏళ్లలోపు పిల్లలతో మత్తు సరుకు మోయించేవాడికి ఏడేళ్ల వరకు జైలు అని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఆ సెక్షన్ ఎన్ని కేసుల్లో పెడుతున్నారో కూడా అడగాలి.

తమ్ముళ్లూ, అది జరిగేదాకా మిమ్మల్ని మీరే కాపాడుకోవాలి. మీరు సర్దని సంచి మీరు మోయవద్దు. ఎంత దగ్గరివాడైనా సరే. మామూలు బ్యాగు దించడానికి ఎవరూ మూడు వేలు ఇవ్వరు. ఇస్తున్నాడంటే అది మోతకూలి కాదు, నీ జైలుకు వాడు కట్టే వెల. ఫీజుకు డబ్బు లేకపోతే వార్డెన్ సారుకు చెప్పండి, మన పూర్వ విద్యార్థుల సంఘానికి చెప్పండి. సిగ్గుపడవద్దు. మూడు వేలకు మేము లేమా?

ఎవరైనా మత్తుకు అలవాటు పడి ఉంటే దాచవద్దు. 14446కు ఫోన్ చేస్తే వ్యసనం మానడానికి దారి చెబుతారు. సరుకు సమాచారం 1933కు ఇవ్వవచ్చు. పొరపాటున ఎవరైనా కేసులో చిక్కుకుంటే, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. దాని నంబరు 15100. ఈ నాలుగు మాటలు మన నోటీసు బోర్డు మీద రాసి పెట్టాలని వార్డెన్ సారును కోరుతున్నాను.

ఆ తల్లి తెచ్చిన మార్కుల మెమో జిరాక్స్ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. లెక్కల్లో 91 మార్కులు. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజున వాళ్లమ్మ కూలి మానుకుని వస్తుంది. మీ అమ్మలు మీ మార్కుల మెమోలు పట్టుకుని కోర్టు మెట్లు ఎక్కకూడదనే ఇదంతా రాశాను.

— మీ అన్న,
పూర్వ విద్యార్థి, న్యాయవాది