ఆటలోని ఘనత మాటలోని కాఠిన్యమునకు క్షమాపత్రమా?

మన యిండ్లలో నొక వాదము తఱచుగా వినవచ్చుచున్నది. పేరుమోసిన క్రీడాకారు డొకడు తన జట్టులోని వారిని తిట్టెననియో కొట్టెననియో తెలిసినప్పుడు, "అంతటి ఘనునకు కొంచెము కాఠిన్యమున్న నేమి? అది లేనిచో నంతటి ఘనత వచ్చెడిదా?" అని పెద్దలు సమాధానము చెప్పుకొందురు. పిల్లలు ప్రక్కగదిలో నుండి యీ మాట విందురు. విని మఱునాడు ఆటస్థలమున నాచరణమునందు పెట్టుదురు. నే నీ వాదమును అంగీకరింపజాలను. ఘనత తోడివారిని శ్రమ యడుగుటకు అధికారమిచ్చును. వారి మానము తీయుటకు అధికారమీయదు. ఈ రెంటిని ఒక్కటిగా కలిపివేయుటయే మన తప్పు.

ఇట్టి ప్రసంగము వచ్చినప్పుడు మా బందరువారికి ఉదాహరణము సిద్ధముగా నుండును. కొఠారి కనకయ్య నాయుడుగారు, అనగా లోకమెఱిగిన సి. కె. నాయుడుగారు, 1895లో నాగపురమున జన్మించినను వారి పూర్వులు మచిలీపట్నము వారు. 1926లో బొంబాయిలో ఎం. సి. సి. జట్టుపై 153 పరుగులు చేసి అందు 11 సిక్సరులు కొట్టినవాడు. 1932 జూన్ 25న లార్డ్సులో మొదలైన భారతదేశపు మొట్టమొదటి టెస్టునకు నాయకుడు. చేతికి దెబ్బ తగిలియు నా టెస్టు మొదటి యిన్నింగ్సులో 40 పరుగులు చేసెను. మన జట్టులో నప్పు డంతకు మించి చేసినవాడు లేడు. 61వ యేట సైతము రంజీ పోటీలలో బ్యాటు పట్టెను. ఇంతటివాడు మావాడని చెప్పుకొనుటకు మాకు గర్వమే.

అయితే ఆయన మెత్తనివాడు కాడు. హోల్కారు సైన్యమున కర్నలు. జట్టును సైతము సైన్యమువలెనే నడిపెను. ఆలస్యమును సహింపడు, అలసటను ఒప్పుకొనడు, నవ్వుచు మాటలాడుట యరుదు. 1932లో లార్డ్సు టెస్టునకు ముందు కొందఱు ఆటగాండ్రు ఆయన నాయకత్వమున ఆడుటకు నిరాకరించి అలజడి చేసిరని క్రికెట్టు చరిత్రకారులు వ్రాసియున్నారు. దీనిని జూపి మావారు, "చూచితిరా! అంత కఠినుడు గనుకనే హోల్కారు జట్టుకు రంజీ విజయములు కట్టిపెట్టెను" అందురు.

ఇచ్చట నేను వారి నొక ప్రశ్న యడుగుదును. ఆయన కాఠిన్యము మొదట నెవరిపై బడెను? తనపైననే కదా! ఫాడ్కరు వేసిన బంతి మూతికి తగిలి పండ్లూడినను ఆయన క్రీజు విడువలేదని నేటికిని చెప్పుకొందురు. తాను మోయని బరువును ఇతరుల నెత్తిన పెట్టలేదు. ఆయన కాఠిన్యములో మెచ్చదగిన భాగమిదియే. మిగిలిన భాగమును, అనగా తోడివారు దగ్గఱకు రాజంకెడి ఆ బిగువును, ఈ భాగపు వెలుగులో దాచిపెట్టరాదు. దేశము మొదటిసారి టెస్టు ఆడబోవుచుండగా సగము జట్టు మనసు విఱిగియుండుట లాభమని యెవ్వరు చెప్పగలరు? ఆ పర్యటనకు నాయకుడుగా పంపబడిన పోర్‌బందరు మహారాజు ఆటలో అల్పుడే. కాని తనకంటె ఘనుడున్నాడని యెఱిగి టెస్టులో తానుగా తప్పుకొని నాయుడుగారికి చోటిచ్చెను. ఆ మర్యాదను మనము పిల్లలకు చెప్పము. గద్దింపులను మాత్రము కథలుగా చెప్పుదుము.

నాలుగేండ్లకు కాలచక్రము తిరిగెను. 1936లో ఇంగ్లండుకు వెళ్లిన జట్టుకు మన విజయనగరపు మహారాజకుమారుడు నాయకుడు. ఆయనకు అధికారమే గాని ఆటలో ఘనత లేదు. మూడు టెస్టులలోను కలిపి చేసినవి 33 పరుగులు. లాలా అమర్‌నాథును శిక్షగా నడుమనే ఓడ యెక్కించి యింటికి పంపివేసిరి. అల్పాహారపు బల్లయొద్ద సి. కె. నాయుడుగారిని నలుగురి యెదుట అవమానించిన జిలానీ ఓవలు టెస్టున ఆడెను. అది యా అవమానమునకు బహుమానమని లోకము చెప్పుకొనెను. ఆ టెస్టులోనే నాయుడుగారు ఆలెన్ బంతి దెబ్బతిని, నొప్పి నోర్చుకొని 81 పరుగులు చేసెను. ఆ ఉదయము జిలానీ చేసినది తప్పని మనమందఱ మొప్పుకొందుము. ఏల? అవమానించినవాడు అల్పుడు గనుకనా? అట్లయినచో ఘనుడు చేసిన అవమానము ఒప్పగునా? అవమానము పొందిన మనసునకు అది చేసినవాని పరుగుల లెక్కతో పనిలేదు. ధర్మము పరుగుల పట్టిక చూచి మాఱునది కాదు.

మన పురాణేతిహాసములు దీని నెప్పుడో చెప్పినవి. భారతమున ఉద్యోగపర్వములో భీష్ముడు కౌరవసేనలోని వీరులను లెక్కించుచు, నిండుసభలో కర్ణుని అర్ధరథుడనెను. భీష్మునికంటె ఘనుడు ఆ సేనలో లేడు. ఆయన చెప్పిన దోషములు కొన్ని నిజములే యనుకొందము. ఫలమేమి? భీష్ముడు నిలిచియున్నంతకాలము తాను యుద్ధము చేయనని కర్ణుడు పంతము పట్టెను. పదిదినములు ఆ సేన తన మేటి విలుకాండ్రలో నొకనిని శిబిరమున గూర్చుండబెట్టి పోరాడెను. పితామహుని ఘనత ఆ మాట వలన కలిగిన లోటును పూడ్చలేకపోయెను.

నేటి కాలమున ప్రతిపక్షులు అమెరికా బాస్కెట్‌బాలు వీరుడు మైకేల్ జోర్డాన్ పేరు తెత్తురు. తోడివారిని పీడించి, ఆరు సారులు ఛాంపియనుషిప్పు గెలిపించెను గదా యని. 1995లో అభ్యాససమయమున తనకు ఎదురుపడిన స్టీవ్ కెర్ అను సహచరుని ఆయన ముఖముపై గ్రుద్దెను. దానివలననే వారికి పరస్పర గౌరవము కలిగెనని కొందఱందురు. నాటి దినముననే జోర్డాన్ టెలిఫోనులో క్షమాపణ చెప్పుకొనెనను సంగతిని ఏల మఱతురు? 1997 ఫైనలు చివరి క్షణములలో జోర్డాన్ బంతిని కెర్ చేతికందించెను. కెర్ దానిని గురిదప్పక వేసి విజయము తెచ్చెను. ఆ విజయమును తెచ్చినది గ్రుద్దు కాదు, నమ్మి యందించిన బంతి. అంతేకాదు, కెర్ ఎదిరించి నిలువగలిగినవాడు గనుక కథలోనికెక్కెను. నిలువజాలక తలవంచుకొని వెళ్లిపోయిన వారి కథ నెవరు వ్రాయుదురు?

అట్లని నేను క్రమశిక్షణకు శత్రువును గాను. 2016లో రియో ఒలింపిక్సుకు ముందు పుల్లెల గోపీచందుగారు తన శిష్యురాలు సింధు ఫోనును మూడు నెలలు దగ్గఱ నుంచుకొనెను. ఐసుక్రీము సైతము మాన్పించెను. అది కఠినమే, కాని అందు హేళన లేదు. రజతపతకము రాగానే ఫోనును తిరిగి యిచ్చెదనని నవ్వుచు చెప్పెను. నిన్ను పైకి లేపుటకు నీ సుఖమును తీసివేయుట వేఱు. నేను పైకి కనబడుటకు నిన్ను క్రిందికి త్రొక్కుట వేఱు.

ఇంతవఱకు చెప్పినది ఎవరైనను పుస్తకములు చూచి చెప్పగలరు. నేను ఈ వ్యాసము వ్రాయుటకు కారణము వేఱొకటి కలదు. నే నెఱిగిన యొక పాఠశాలలో కబడ్డీ జట్టుండెను. అందులో కూతకు వెళ్లెడి పిల్లవాడొకడు మెఱుపువంటివాడు. మంచి యెత్తరి, ఊపిరిగలవాడు. వానివలన రెండేండ్లు షీల్డు వచ్చెను. దివిసీమనుండి వచ్చి చేరిన బక్కపలుచని పిల్లవాడింకొకడు ఎడమమూలను నిలిచి చీలమండ పట్టుటలో నేర్పరి. వాని పట్టొకటి జాఱినచో మొదటివాడు వాని నెత్తిపై చఱచి, "ఓరి ఉప్పుచేపా!" యని కేక వేయును. జట్టంతయు నవ్వును. గట్టుపై గూర్చున్న ఉపాధ్యాయులమును నవ్వితిమి. నేనును నవ్వితిని. ఒకనాడు ఆ పిల్లవాడు ఆటకు రాలేదు; కొన్నాళ్లకు బడికిని రాలేదు.

తరువాత గుడివాడలో పోటీ జరిగెను. మా వీరుడు మొదటనే పట్టుబడి గీతవెలుపల గూర్చుండెను. కబడ్డీ యెఱిగినవారికి తెలియును: వెలుపలికి పోయినవాడు తన బలముచేత తిరిగి రాలేడు, లోపలనున్న తోడివాడెవ్వడో ఎదుటివాని నొకని నవుటు చేసిననే వానికి ప్రాణము వచ్చును. ఎడమమూల పట్టువాడు లేడు. ఎదుటివారు ఆ మూలనుండియే వచ్చిపోవుచుండిరి. మే మోడితిమి. కాని, పాఠకులారా, ఓడితిమి గనుక తప్పని నేను చెప్పుటలేదు. గెలిచి వచ్చియున్నను అది తప్పే. ఆ బాలుని ఖాళీ బల్లను ఏ షీల్డుతోను నింపలేము.

నేను ఆ బాలుని వెదకికొని దివిసీమకు వెళ్లితిని. వాని తండ్రి వలలాగెడివాడు. నేను తడబడుచు ఆటసంగతి యెత్తగా ఆయన కోపపడక యిట్లనెను: "మేష్టారూ, అలివి లాగేటప్పుడు బలమున్నోడు తన కొన ఒక్కటే గుంజితే వల ఓరకు పోద్దండి. చేపంతా రెండో పక్కనించి జారిపోద్దండి. ఈ సంగతి మీ బళ్లో చెప్పరాండీ?" నాకు ప్రత్యుత్తరము తోచలేదు. సంస్కృతమును ఇంగ్లీషును చదివిన నా చదువంతయు ఆ యొక్క ప్రశ్నయెదుట తలవంచుకొనెను.

తప్పు ఆ వీరబాలునిది మాత్రమే కాదు. వానికి పదునాఱేండ్లు. షీల్డు తెచ్చినంతకాలము నీ నోటికి పన్ను లేదని వానికి చెప్పినవారము మనము. పత్రికలలో గద్దింపును దీక్షయని వ్రాయుదుము. ఇండ్లలో "పౌరుషము గలవాడు" అని మురియుదుము. బళ్లలో వినియు విననట్లుందుము. ఘనుడు తప్పుచేసినప్పుడు అతనికి మిత్రుడైనవాడు తప్పును చెప్పును. భట్రాజు దానిని బిరుదుగా మార్చును. మనము భట్రాజులమైతిమి.

కావున తల్లిదండ్రులకు నా మనవి యిది. మీ పిల్లవాడు పోటీనుండి వచ్చినప్పుడు "ఎన్ని పాయింట్లు తెచ్చితివి?" అని యడుగుటకు ముందు, "నీ ప్రక్కనున్నవా డెట్లాడెను? వానితో నేమంటివి?" అని యడుగుడు. ఉపాధ్యాయులకు నా మనవి: తోడివాని నవమానించినవానిని, వాడెంత మేటియైనను, ఆ పోటీకి గీతవెలుపల గూర్చుండబెట్టుడు. షీల్డు పోయినచో మఱుసటియేడు వచ్చును. ఆ దివిసీమ బాలుడు మాత్రము మా బడికి మఱల రాలేదు.