రాగిజావ నేర్చుకున్న ఇటలీ అమ్మ

ఈ వారం గోంగూర నిల్వపచ్చడి గురించి రాస్తానని చెప్పాను గానీ, దాన్ని ఇంకో వారం ఆగనివ్వండి. చాలా రోజులుగా మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న సంగతి ఒకటి ఉంది. అది మీతో చెప్పుకుంటే గానీ నాకు పచ్చడి మీద మనసు పోయేట్టు లేదు.

మా కాపురం భద్రాచలం అని మీకు తెలుసు కదా. పుట్టిల్లు ఖమ్మం. నా చెల్లెలూ మరిదీ అక్కడే ఉంటారు. పెళ్ళయి పదకొండేళ్ళు. తిరగని ఆసుపత్రి లేదు, మొక్కని దేవుడు లేడు. చివరికి దత్తత తీసుకుందామని 2021లో పేరు నమోదు చేయించుకున్నారు. దత్తతంటే వెనకటిలా బంధువుల్లో పిల్లాణ్ణి కూర్చోబెట్టి హోమం చేయించుకోవడమొక్కటే కాదు. అనాథ పిల్లల దత్తత దేశమంతా ఒకే వరసలో జరుగుతుంది. ఢిల్లీలో ‘కారా’ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1990లో పెట్టారు. దాని కంప్యూటర్ జాబితాలో పేరు చేర్చుకుని, ఆధార్, పాన్, పెళ్ళి సర్టిఫికెట్టు, ఆదాయం, ఆరోగ్యం కాగితాలు పెట్టాలి. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చూసి రిపోర్టు రాస్తారు. ఆ తర్వాత ఎదురుచూపులే. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కావాలంటే మూడేళ్ళు దాటినా పిలుపు రాదు. అంతమంది అడుగుతున్నారు.

ఇంత ఆలస్యమెందుకని నర్సింగ్ హోములోనో, తెలిసిన ఆర్.ఎం.పి. ద్వారానో బిడ్డను తెచ్చుకునేవాళ్ళు మన వైపు ఇప్పటికీ ఉన్నారు. అమ్మలూ, ఆ పని మాత్రం చేయకండి. మూడేళ్ళ దాకా జైలు. పైగా బిడ్డ మీద మీకు ఏ హక్కూ ఉండదు.

2023లో ఒక రోజు చెల్లెలు ఫోన్ చేసింది. “అక్కా, జాబితాలో రెండున్నరేళ్ళ ఆడపిల్ల కనబడుతోందే. వెంటనే ఇచ్చేస్తారట. కానీ సికిల్ సెల్ అని రాశారు” అంది. ఫోటో కూడా పంపింది. ఆ పిల్ల పేరూ ఊరూ ఇక్కడ రాయను, రాయకూడదు కూడా. మన అడవి వైపు పిల్లే అని మాత్రం చెప్తాను. ఫోటోలో నవ్వడం లేదు, ఫోటో తీసేవాళ్ళ వంక అనుమానంగా చూస్తోంది.

సికిల్ సెల్ అంటే ఏమిటో భద్రాచలం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. మన ఏజెన్సీలో, కోయ కుటుంబాలలో ఎక్కువగా కనిపించే రక్తపు జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. చలికీ, జ్వరానికీ, ఒంట్లో నీళ్ళు తగ్గినా కాళ్ళూ చేతులూ, నడుమూ పీకేస్తాయి. అంటుజబ్బు కాదు, ఎవరి పాపఫలమూ కాదు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లక్షణం వస్తేనే బిడ్డకు జబ్బు. ఒక్కరి నుంచే వస్తే సాధారణంగా మామూలుగానే ఉంటారు. పైగా మలేరియా నుంచి కొంత కాపుదల కూడా ఉంటుందట. అందుకే దోమలున్న అడవి ప్రాంతాల్లోనే ఇది తరతరాలుగా నిలిచిపోయిందని డాక్టర్లు చెప్తారు. భార్యాభర్తలిద్దరికీ ఆ లక్షణం ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు భయం ఉన్నట్టే. 2023 జూలైలో కేంద్రం దీన్ని రూపుమాపే పథకం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలన్నది దాని లెక్క.

ఇవన్నీ తెలిసిన నేను చెల్లెలికి ఏం చెప్పానో తెలుసా? పోపు వేస్తూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, “జబ్బు పిల్లని కోరి తెచ్చుకోవడమెందుకే? ఇన్నేళ్ళు ఆగారు, ఇంకొన్నాళ్ళు ఆగండి” అన్నాను.

అది కాసేపు ఏం మాట్లాడలేదు. “బావగారేమంటారు?” అనడిగింది. మావారిని అడగను కూడా అడగలేదు, “ఆయనా అదే అంటారు” అని చెప్పేశాను. మా అత్తగారు పక్కనుంచి “ముందే తెలిసి ఎవరైనా దిగుతారా” అని వంతపాడారు. మరిదికి మనసుందట, అది నాకు తర్వాత తెలిసింది. ఇలాంటి పిల్లలకి మన దేశం వాళ్ళ కోసం, విదేశాల్లో ఉన్న మన వాళ్ళ కోసం పదిహేను రోజులు చూస్తారు. ఎవరూ రాకపోతే విదేశీయులకు చూపిస్తారు. ఆ పదిహేను రోజులూ మేము అటూ ఇటూ ఫోన్లు చేసుకుంటూనే గడిపేశాం.

తర్వాత ఆ సంగతి మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకున్నాను.

మరుసటి ఏడాది మా నాన్నగారి తద్దినం నాడు, పిల్లలకి బియ్యం, రాగిపిండి, కొత్త బట్టలు ఇద్దామని ఖమ్మంలో ఒక శిశుగృహకు వెళ్ళాను. అక్కడ ఆయాగా చేసే ఆవిడ మా పుట్టింటి వీధిలో మనిషే, వరసకి వదిన. లోపల వసారాలో ఒక తెల్లావిడ చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. పక్కన భర్త. ఆవిడ ఒళ్ళో కాదు, ఒక జానెడు దూరంలో ఆ పిల్ల. ఫోటోలో చూసిన పిల్లే. అదే అనుమానపు చూపు.

“ఇటలీ నుంచి వచ్చిండ్రు వదినా. పిల్లని తీస్కపోనీకి” అంది ఆయా.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తెల్లవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్తున్నారంటే మన రాష్ట్రంలో ఉలిక్కిపడటానికి కారణం లేకపోలేదు. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ లంబాడీ తండాల్లో ఆడపిల్లల్ని కొని విదేశీ దత్తతలకు పంపిన వ్యవహారం బయటపడి ఎంత గొడవైందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు పద్ధతి మారింది. లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు రాసిన ఉత్తరం మీద సుప్రీంకోర్టు 1984లోనే విదేశీ దత్తతలకు కట్టుబాట్లు పెట్టింది. దేశాల మధ్య ఒప్పందం 1993లో హేగ్ నగరంలో జరిగితే మన దేశం 2003లో అందులో చేరింది. ఇప్పుడు వాళ్ళ దేశంలో వాళ్ళ ఇల్లూ వాకిలీ చూసి రిపోర్టు రాయాలి. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. కలెక్టరుగారు ఉత్తర్వు ఇవ్వాలి. 2022 సెప్టెంబరు దాకా ఆ పని కోర్టులది. ఆ తర్వాత పిల్లకు పాస్‌పోర్టు. అప్పుడు దంపతులు స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలి. వెళ్ళాక కూడా మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి పిల్ల ఎలా ఉందో రిపోర్టు పంపాలి. మన ఇంటి పిల్లల గురించి అలా ఎవరైనా అడిగితే ఎంతమందిమి సరిగ్గా రాసి పంపగలమో!

ఆవిడతో పాటు తెలుగు, ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది. ఆ అమ్మాయి ద్వారా అడిగేశాను, నోరు ఊరుకోదు కదా. “ఇంత దూరం వచ్చారు. ఈ పిల్లకి జబ్బు ఉందని తెలుసా అమ్మా?”

ఆవిడ ఏమీ అనుకోలేదు. “తెలుసు. మా వైపు ఉన్నదే. మాది సిసిలీ. అక్కడ ఇదీ, తలసీమియా రెండూ ఉన్నాయి. మా ఊరి ఆసుపత్రిలో దీనికి వేరే డాక్టరే ఉంది. ముందే వెళ్ళి మాట్లాడి వచ్చాను” అంది.

మా వైపు ఉన్నదే! అక్కచెల్లెళ్ళూ, ఆ మాట వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. తెలిసిన జబ్బు గనక ఆవిడ భయపడలేదు. నాకు మాత్రం తెలియని జబ్బా? మా వీధి చివరే రక్తపరీక్షల శిబిరం పెడితే నేను టీలు కాచి ఇచ్చినదాన్ని. నేను దాన్ని ‘వాళ్ళ జబ్బు’ అనుకున్నాను, అంతే.

అలాగని ఆవిణ్ణి దేవతని చేయబోవడం లేదు. అక్కడ వైద్యం ఖర్చు చాలావరకు ప్రభుత్వమే చూసుకుంటుంది. మనకి హైదరాబాదు వెళ్ళి రావడమంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, అర్ధరాత్రి నొప్పి వస్తే ఆటో. ఆ తేడా తేడానే. పిల్ల తన భాష పోగొట్టుకుంటుంది, గోదారి పోగొట్టుకుంటుంది. పెద్దయ్యాక ‘నా అమ్మ ఎవరు’ అని వెతుక్కుంటుందేమో, దొరక్కపోవచ్చు. అదీ నిజమే. కానీ శిశుగృహ వసారాలో పెరగడం కంటే ఒక అమ్మ ఒళ్ళో పెరగడం తక్కువదని నేననలేను. బొంబాయిలో పుట్టి, పోలియోతో నడుము కింద చచ్చుబడి, అనాథాశ్రమం నుంచి మూడో ఏట అమెరికా కుటుంబానికి చేరిన మిండా డెంట్లర్ గురించి చదివే ఉంటారు. 2013లో హవాయిలో ఐరన్‌మాన్ పోటీ, అంటే దాదాపు నాలుగు కిలోమీటర్ల ఈత, చేతులతో తొక్కే సైకిలు మీద నూట ఎనభై, చక్రాల కుర్చీలో నలభై రెండు కిలోమీటర్లు, ఒకే రోజులో పూర్తి చేసింది. అంతకుముందు ఏడాది ప్రయత్నించి గడువు చాలక ఆగిపోయిన మనిషే. మన దేశంలోనూ ధైర్యవంతులు లేకపోలేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బాబుని ఇండోర్‌కి చెందిన ఆదిత్య తివారీ, అప్పటికి పెళ్ళి కూడా కాని కుర్రాడు, పట్టుబట్టి 2016 జనవరి 1న ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆవిడ చేతిలో ఒక నోటుబుక్కు ఉంది. పిల్ల ఎప్పుడు పడుకుంటుంది, ఏ పాటకి ఊరుకుంటుంది, ఏం తింటుంది, అన్నీ ఆయాని అడిగి రాసుకుంటోంది. పిల్లకి రాగిజావ ఇష్టమట. ఎలా చేస్తారని అడిగింది. ఆయా వంటగదిలోకి నన్ను తోసింది. అప్పుడు చేశాను చూడండి జావ, నా జన్మలో అంత భయంగా ఎప్పుడూ చేయలేదు. రెండు చెంచాల రాగిపిండి అరగ్లాసు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. గ్లాసున్నర నీళ్ళు మరుగుతుంటే అందులో పోసి, సన్నని సెగ మీద అడుగంటకుండా ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉండాలి. చిటికెడు ఉప్పు. చల్లారాక పలచటి మజ్జిగ. ఆవిడ ప్రతి దశా రాసుకుంది. నీళ్ళు ఎక్కువ తాగించడం, చలిలో స్వెట్టరు, జ్వరం వస్తే ఆలస్యం చేయకపోవడం, డాక్టరు చెప్పకుండా ఐరన్ టానిక్కు పట్టకపోవడం ఆవిడకి ముందే తెలుసు. నాకు ఆ టానిక్కు సంగతి తెలీదు.

జావ గిన్నె ముందు పెడితే పిల్ల నా వంక చూసింది, ఆవిడ వంక చూసింది. ఆవిడ చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్ళి తనే ముందు రుచి చూసి మొహం వికారంగా పెట్టింది. పిల్ల కిసుక్కున నవ్వింది. అప్పుడు తాగింది.

ఇంటికొచ్చాక మా చిన్నాడి మందుల డబ్బా కంటబడింది. వాడికి ఏడాది పిల్లాడప్పటి నుంచి ఉబ్బసం. కార్తీకమాసం వచ్చిందంటే రాత్రిళ్ళు వాణ్ణి కూర్చోబెట్టి వీపు రాస్తూ తెల్లవార్లూ గడిపినవి ఎన్నో. ‘ముందే తెలిస్తే కనేదాన్నా’ అని నాకు ఒక్కసారైనా తోచలేదు.

చెల్లెలికి చెప్పడానికి నెల పట్టింది. చెప్పాక అది ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. అదే నాకు కష్టంగా ఉంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు బొబ్బట్లు వత్తుతూ, తల ఎత్తకుండా అంది: “అక్కా, ఆ జాబితా మళ్ళీ చూస్తున్నాం. ఒక బాబు ఉన్నాడు. గుండెలో రంధ్రమట. నాలుగేళ్ళు. ఈసారి నువ్వు ఏమీ చెప్పకు. డాక్టరు దగ్గరికి మాత్రం నాతో రా.”

సోమవారం ఉదయం పొద్దున్నే బస్సు. రిపోర్టు కాగితాలు ఒక కవర్లో పెట్టి ఉంచాను. డాక్టరుగారిని అడగాల్సినవి ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు ప్రశ్నలయ్యాయి.