ఇత్తెహాద్‌కి ఇనామ్ ఎవరికివ్వాలి?



2024 ఐపీఎల్ ఫైనల్లో మన సన్‌రైజర్స్ కోల్‌కతా చేతిలో ఓడిన రాత్రి మా చిన్నోడు అన్నం ముట్టలేదు. కానీ ఆ సీజన్ ఫెయిర్ ప్లే అవార్డు హైదరాబాద్‌కే వచ్చింది. "అబ్బా, అది ఓడినోళ్లకిచ్చే తసల్లీ ఇనామా?" అన్నాడు.

కాదు బేటా అన్నాను. ఎదుటి టీమ్‌నీ అంపైర్లనీ ఇజ్జత్‌తో చూశారా లేదా అని ప్రతి మ్యాచ్‌కీ మార్కులు వేసి ఇచ్చే ఇనామ్ అది.

ఈమధ్య పెద్ద టీములకు ఖిద్మత్ కోసం, ఇత్తెహాద్ కోసం కూడా అవార్డులిస్తున్నారు. మంచిదే. అయితే నాలుగు మతాల పిల్లలతో ఫోటో దిగినంత మాత్రాన ఇత్తెహాద్ అయిపోదు. అది దిఖావా కూడా కావచ్చు. టీమ్ దర్వాజా ఎవరెవరికి తెరిచారన్నదే నా ఖయాల్‌లో అసలు ఇంతెహాన్.

ఆ ఇంతెహాన్‌లో నెగ్గిన టీమ్ మన షహర్‌లోనే ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్. 1948 పోలీస్ యాక్షన్ గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. రెండేళ్లకే, 1950లో, ఆ టీమ్ డ్యూరాండ్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ కూడా తెచ్చింది. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్‌ల పక్కనే ధన్‌రాజ్ ఆడేవాడు. ఆ టీమ్ ఉస్తాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్. బడిలో పాఠాలు చెప్పిన మనిషి.

సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆట ఆయన కంటపడింది. రోజూ అంతదూరం నుంచి ప్రాక్టీసుకి రావడానికి ఆ కుర్రాడి దగ్గర పైసల్లేవు. అద్దె సైకిలుకి రహీమ్ సాబే డబ్బులిచ్చారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన దేశం కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచినప్పుడు కోచ్ రహీమ్ సాబ్. ఆ టీమ్‌లో బలరామ్ ఉన్నాడు. మరుసటి ఏడే రహీమ్ సాబ్ కేన్సర్‌తో ఇంతెఖాల్ అయ్యారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. ఆయన ఏ ఇనామ్ కోసమూ ఆ సైకిలు కిరాయి ఇవ్వలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. పోయినేడు మా షా అలీ బండ గల్లీ టోర్నమెంట్‌కి టీమ్ ఏరింది నేనే. లాల్ దర్వాజా వైపు నుంచి ఇద్దరు పిల్లలు వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు. ఒకడి బౌలింగ్ నేను చూసినదే, బాగా వేస్తాడు. అయినా "టీమ్ నిండిపోయింది" అన్నాను. నిండలేదు. మనవాళ్లే ఉండాలని నేనే అనుకున్నాను. మేము కప్పు గెలిచాం, బిర్యానీ తిన్నాం. ఆ పిల్లల మొహాలు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తాయి.

మన పిల్లలకు ఏదో ఒక టీమ్ దర్వాజా మూసుకుంటే మనకెంత దుఃఖం! అదే దర్వాజా మన చేతిలో ఉన్నప్పుడు ఏం చేస్తున్నాం?

ఈసారి టీమ్ ఏరే రోజు మా చిన్నోణ్ణి వెంటబెట్టుకుని లాల్ దర్వాజా వెళ్తాను, ఆ ఇద్దరినీ పిలవడానికి. వాళ్లు రాకపోతే తప్పు నాది. వస్తే, ఇన్షా అల్లాహ్, మొదటి ఓవర్ ఆ కుర్రాడిదే.