బాంబుకు కావలి ఎవరు?

ఈమధ్య పత్తికొండలో మహిళా సంఘం సమావేశం ముగిసే వేళ ఒక పెద్దామె అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. 2024 నవంబరులో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం అన్వేషణకు 68 బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ సంగతే మాట్లాడుకుంటున్నాం. “బోరు కంటికి కనపడతాది, అడ్డం కూసున్నాం. బాంబు యాడుండాదో తెలీదు. దానికి కావలి ఎవురమ్మా?” అందామె.

ఇక్కడి యురేనియం బాంబులకే పోతుందని ఆమె అనలేదు, నేనూ అనడం లేదు. 1998 మేలో పోఖ్రాన్‌లో ‘శక్తి’ పేరుతో అణు పరీక్షలు జరిగినప్పటి నుంచి బాంబు కావాలా వద్దా అని మనం వాదిస్తూనే ఉన్నాం. ఉన్న బాంబును క్షేమంగా కాపాడే పని ఎలా జరుగుతోందని మాత్రం పెద్దగా అడగలేదు.

శత్రువు వేస్తేనే ప్రమాదమనుకుంటాం. 1980 సెప్టెంబరులో అమెరికాలోని ఆర్కన్సాలో అణుక్షిపణికి మరమ్మతు చేస్తుండగా సిబ్బందిలో ఒకరి చేతి నుంచి రెంచి సాకెట్ జారిపడి ఇంధన ట్యాంకుకు చిల్లు పెట్టింది. కొన్ని గంటలకు క్షిపణి పేలి ఒకరు చనిపోయారు. వార్‌హెడ్ ఎగిరి బయటపడింది కానీ పేలలేదు. 2007 ఆగస్టులో అదే దేశంలో ఆరు అణు వార్‌హెడ్లను పొరపాటున విమానానికి తగిలించి మరో స్థావరానికి తీసుకుపోయారు. దాదాపు ఒకటిన్నర రోజు ఆ సంగతి ఎవరూ గమనించలేదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో పడింది. అందులో వార్‌హెడ్ లేదు కాబట్టి గండం గడిచింది. ముగ్గురు అధికారులను తొలగించారు. ఇవేవీ యుద్ధాలు కావు. చేయి జారడం, లెక్క తప్పడం, మనుషులు చేసే మామూలు తప్పులు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2009 జూలై 26న విశాఖలో అణు జలాంతర్గామి అరిహంత్‌ను నీటిలోకి దించినప్పుడు నాటి ప్రధాని భార్య గురుశరణ్ కౌర్ చేత కొబ్బరికాయ కొట్టించారు. శుభారంభానికి ఆడదాని చెయ్యి కావాలి, భద్రత లెక్క అడగడానికి ఆడదాని నోరు మాత్రం అక్కర్లేదా? అదే విశాఖలో 2020 మే 7న స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. అందరికీ కనిపించే ఫ్యాక్టరీలోనే అలా జరిగితే, ఎవరూ తొంగిచూడలేని చోట మాటేమిటి?

అణ్వస్త్రాలతో సంబంధమున్న బాబా అణు పరిశోధన కేంద్రాన్ని 2000లో అణుశక్తి నియంత్రణ మండలి పరిధి నుంచి తప్పించారు. అంటే పని చేసేవారే తమ భద్రతను తామే తనిఖీ చేసుకోవాలి. సమాచార హక్కు కింద అడుగుదామంటే, దేశ భద్రతకు, వ్యూహాత్మక ప్రయోజనాలకు సంబంధించిన సమాచారం ఇవ్వనక్కర్లేదని 2005 నాటి ఆ చట్టంలోని 8వ సెక్షనే చెబుతోంది. ఇంటి గుట్టు బయట పెట్టకూడదని మన నోళ్లు మూయించిన పద్ధతే ఇక్కడా కనిపిస్తోంది. ఆ గుట్టు ఎవరిని కాపాడిందో మనకు బాగా తెలుసు.

బాంబు ఎక్కడుందో చెప్పమని మనం అడగడం లేదు. దాన్ని తయారు చేసేవారికి, వాడేవారికి లోబడని తనిఖీ సంస్థ ఉండాలి, అది పార్లమెంటుకు జవాబు చెప్పాలి. ప్రమాదం జరిగితే ఎటు పోవాలో, ఏ నీళ్లు తాగకూడదో సమీప ఊళ్లకు తెలుగులో ముందే తెలియజేయాలి. ఆ ప్రణాళికలు వేసే చోట స్త్రీలు ఉండాలి. పిల్లల్నీ, ముసలివాళ్లనూ, గొడ్లనూ వెంటబెట్టుకుని కదలాల్సింది మనమే.

బోరు సంగతి అడిగే హక్కు కప్పట్రాళ్ల చుట్టుపక్కల ఊళ్లకు ఎవరూ దానమివ్వలేదు. రోడ్డు మీద కూర్చుని తెచ్చుకున్నారు. పెద్దామె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పాల్సినవాళ్ల ముందు దాన్ని ఉంచే పని మనది.